మా ఆయనా, గంట కత్తీ

మా ఆయన ఈశ్వరరావుగారు కొబ్బరికాయ కొనాలన్నా చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. పక్కదాన్నీ ఊపుతారు. చివరికి రెండూ వద్దని, కొట్టువాడు వెనకాల పెట్టుకున్నది అడిగి తీసుకుంటారు. మంచివన్నీ వెనకాలే దాస్తారని ఆయన సిద్ధాంతం. రాజమండ్రిలో ఉన్నప్పుడూ ఇంతే, సింగపూరు వచ్చాకా ఇంతే. పైగా ఇక్కడ ఒక షిప్పింగ్ కంపెనీలో ఇంటర్నల్ ఆడిటర్ ఉద్యోగం దొరికింది. అనుమానపడటానికి నెలనెలా జీతమిచ్చే చోటొకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. రిటైరయ్యాక జీతం ఆగింది, అనుమానం ఆగలేదు. దానికో పని కావాల్సి వచ్చింది. ఆ పని తోలు మిషన్ల రూపంలో టోవా పాయోలోని మా ఫ్లాటుకొచ్చి, వంటింటి వెనక గదిలో తిష్ఠ వేసింది.

దీనికంతటికీ మూలం మా అమ్మాయి నందిత. ఆఫీసు స్నేహితులతో కలిసి శనివారాలు తోలు పర్సులు కుట్టడం నేర్చుకోవడానికి వెళ్లేది. తోలు మందంగా ఉంటే మడత దగ్గర లావెక్కి పర్సు మూసుకోదు. అందుకని కుట్టేముందు అంచును లోపలివైపు నుంచి పలచగా చెక్కాలి. అది చేత్తో చెక్కబోయి వేలు కోసుకుంది. ఆయన ఆ వేలికి కట్టు కట్టి, ఈ పనికి మిషనుంటుందేమోనని వెతకడం మొదలుపెట్టారు.

ఉంది. స్కైవింగ్ మిషను అంటారు. చూడటానికి పాతకాలపు కుట్టుమిషనులా ఉంటుంది గానీ సూది ఉండదు. ఆ చోట, పక్కకు పడుకోబెట్టిన గంట లాంటి కత్తి గిర్రున తిరుగుతూ ఉంటుంది. గంట అంచంతా పదునే. ఆ గంట లోపల గరుకు రాతి చక్రం ఒకటి నెమ్మదిగా తిరుగుతూ తోలును కత్తి మీదికి నెడుతుంది. పైనుంచి ఒక ఇనుప పాదం తోలును నొక్కి పడుతుంది. పాదానికీ కత్తికీ మధ్య ఎడం కాగితమంత. లోకంలోని మోసమంతా ఆ కాగితమంత ఎడంలోనే దాక్కుని ఉంటుందని మా ఆయన నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు లెండి. మొదటి మిషను ఫోనులో ఫొటోలు చూసి కొన్నారు. ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతూ వచ్చింది. నాలుగు రోజులు ఆడించేసరికి రంగు పెచ్చులూడి కింద పుట్టీ బయటపడింది. కత్తి సానబెట్టీ సానబెట్టీ అరిగిపోయి, గంట కాస్తా గిన్నె మూతయి కూర్చుంది. అమ్మినవాడు ఫోను ఎత్తడు. ఆ కోపంలో మిషనును మర మరా విప్పేసి, మళ్లీ బిగించి, ఆర్నెల్లు కుస్తీపట్టి ఆ విద్య నేర్చుకున్నారు. అప్పటినుంచి పాతవీ పాడైనవీ కొనడం, బాగుచేయడం, పర్సులు కుట్టుకునే పిల్లలకు అమ్మడం ఆయనకు కాలక్షేపమైంది.

ఆయన మిషను కొనడానికి వెళ్లడం చూసి తీరాలి. జేబులో అయస్కాంతం. రంగు కింద పుట్టీ ఉన్నచోట అది అంటుకోదు. చేతిలో టార్చి. సంచిలో సొంత తోలు ముక్కలు, ఎందుకంటే అమ్మేవాడిచ్చిన ముక్క మీద ఏ మిషనైనా బాగానే నడుస్తుందట. బేరం తెగేదాకా వాళ్లిచ్చిన కోపీ, అదే ఇక్కడి కాఫీ, గుక్కెడు కూడా తాగరు. తాగితే మొహమాటం పుడుతుందట! పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా ఇంట్లో కాఫీ ముట్టకుండా ఎందుకు కూర్చున్నారో నాకు అప్పుడు అర్థమైంది.

ఇలాంటి మనిషితో స్నేహం చెయ్యడానికి గుండెధైర్యం కావాలి. ఉన్న ఒకరిద్దరు స్నేహితులూ ఎప్పుడో జారుకున్నారు. తెలుగు సంఘంవాళ్లు పండగ భోజనాలకు పిలిస్తే వంటవాడి కాంట్రాక్టు గురించి అడిగే మనిషిని మళ్లీ ఎవరు పిలుస్తారు? మిగిలింది మహీధర్ ఒక్కడే. మాకు బంధువేం కాడు. సిద్దిపేట వైపు కుర్రాడు. జురాంగ్ ఈస్ట్‌లో యంత్రాల డిజైన్ ఆఫీసులో ఉద్యోగం, వుడ్‌ల్యాండ్స్‌లో కాపురం, తీరిక దొరికితే బెల్టులు కుట్టుకుంటాడు. ఒకసారి మాకు పాత మోటారు అమ్మడానికొచ్చాడు. మా ఆయన గంటసేపు అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తే అన్నిటికీ జవాబు చెప్పి, "ఇంకేమన్న ఉన్నయా అంకుల్, లేకుంటే మోటరు మీద ఒట్టెయ్యాల్నా?" అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. నేను వంటింట్లోంచి వచ్చి మరీ చూశాను, ఆ నవ్వు అంత అరుదు. ఆనాటినుంచి వాడు మా ఇంటి మనిషయ్యాడు. వాడొచ్చిన రోజు ఆయన కాస్త మనిషిలా మాట్లాడేవారు. ఈ ఊళ్లో మా గుమ్మం తొక్కే మనిషి వాడొక్కడే, వాడూ పోతే ఆయనకు మిషన్లే మిగులుతాయని నా లోలోపల ఎప్పుడూ భయంగానే ఉండేది.

క్వెక్ గారి మిషను సంగతి చెప్పిందీ మహీధరే. ఆయన జురాంగ్ ఈస్ట్ అవతల ఒక పాత ఇండస్ట్రియల్ బిల్డింగులో హ్యాండ్‌బ్యాగులు కుట్టించే చైనా పెద్దాయన. వయసు మీదపడి దుకాణం కట్టేస్తున్నారు. నేనూ వెళ్లాను. మా ఆయన అయస్కాంతం తీసి మిషను ఒళ్లంతా పాకించారు. అంతటా అంటుకుంది. కాస్త వాడిపోయారు. టార్చి వేసి కత్తి చూశారు. అరగలేదు. సొంత తోలు ముక్క పెట్టారు. అంచు తామరరేకులా వచ్చింది. దాంతో ఆయనకు అనుమానం ఇంకా పెరిగిపోయింది.

"ఇంత బాగున్న మిషను ఎందుకమ్ముతున్నారు?" అని అడిగారు.

"నేను ముసలోణ్ణయ్యాను కదా బాస్, మిషను కాలేదు" అన్నారు క్వెక్. అని, మా ఆయన సంచిలోకి తొంగిచూశారు, తన పనిముట్లేవైనా అందులో పడ్డాయేమోనని. ఇన్నాళ్లకు సరైన జోడీ దొరికిందనుకున్నాను.

మహీధర్ మాత్రం కత్తి దగ్గరే ఆగిపోయాడు. గోటితో మీటి, ఆ మోత విని, "గిసొంటి ఉక్కు ఇప్పుడు దొర్కది అంకుల్. మీరే తీస్కోండ్రి. నా దగ్గర ఒకటున్నది గద" అన్నాడు. వాడికీ దానిమీద మనసుందని నాకు తెలిసింది. మా ఆయనకూ తెలిసింది. నేను వాడి మంచితనం గుర్తుపెట్టుకున్నాను, ఆయన ఆ మాట గుర్తుపెట్టుకున్నారు.

ఇద్దరూ కలిసి వారాల తరబడి దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగి, పాత బెల్టు తీసి కొత్తది వేసి, దారిలో పెట్టారు. ఇది మాత్రం అమ్మనని మా ఆయన ప్రకటించారు.

దసరా వచ్చింది. నవమినాడు ఆయుధపూజ. విజయవాడనుంచి మా ఆడపడుచు ఫోనులో "తోలు కోసేదానికి పూజేవిట్రా, దేవుడి గూట్లోకి" అంది. "పనిముట్టుకు మైలేవిటే" అని ఆయన కసిరారు. నా మిక్సీ, నందిత లాప్‌టాప్, ఆ మిషను వరసగా పెట్టి, తనే కూర్చుని గంధం తీసి, కుంకుమ కలిపి, ఒక్క భాగాన్నీ వదలకుండా బొట్లు పెట్టారు. పూజలోనూ ఆడిటే. నవమినాడు పూజచేసిన పనిముట్టు దశమి వెళ్లేదాకా ముట్టకూడదని అందరినీ హెచ్చరించారు. మహీధర్ ఏటా వచ్చినట్టే భోజనానికి వచ్చాడు. పులిహోర డబ్బాలు పట్టుకుని మేం ముగ్గురం పై అంతస్తువాళ్లకూ కింది అంతస్తువాళ్లకూ పంచడానికి వెళ్తే వాడు ఇంట్లోనే ఉన్నాడు.

దశమి వెళ్లిన మర్నాడు బొట్లన్నీ తుడిచి మిషను వేశారు. తోలు అలలు అలలుగా వచ్చింది. నాలుగు వేళ్ల మేర పలచగా, ఆ పక్కన మందంగా, మళ్లీ పలచగా. ఆయన కత్తి సానబెట్టారు. సానపెట్టినప్పుడు అంచున లేచే ఇనప నూగు తీశారు. పాదం పైకెత్తారు, దించారు. బెల్టు బిగించారు. మిషను తన అలలు తాను పోస్తూనే ఉంది.

సాయంత్రం నా ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. ఆ కుర్చీ వేసుకోవడంలోనే తెలిసింది ఆడిట్ మొదలైందని.

"నవమి ముందురోజు మిషను బాగుందా లేదా?"

"బాగుంది."

"పూజయ్యాక మనమెవరమైనా ముట్టుకున్నామా?"

"లేదు."

"మనం ప్రసాదం పంచడానికి వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరున్నారు?"

"మహీధర్."

"చూశావా? నేను అనలేదు. నువ్వే అన్నావు."

నాకు ఒళ్లు మండింది. "ఏమంటున్నారండీ మీరు?"

"కత్తి మార్చాడు. చూడ్డానికి అలాంటిదే బిగించి అసలుది పట్టుకెళ్లాడు. విప్పి ముద్ర చూసి లాభం లేదు, ముద్ర ఎవడైనా కొట్టిస్తాడు. ఇలాంటి ఉక్కు దొరకదని ఆ రోజే నోరు జారాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ ఈశ్వరరావు పడతాడు."

నందిత గదిలోంచి బయటికొచ్చింది. కోపమొస్తే దాని మాటకు ఈ ఊరి 'లా' తోక తగులుకుంటుంది. "నాన్నా, ఆర్ యూ సీరియస్? మహీ అన్న లా! ఆ అన్న ఎందుకు చేస్తాడు? డోంట్ బీ లైక్ దట్ లా."

"నీకు తెలీదు, నువ్వూరుకో" అన్నారు. ఆయనకున్నదల్లా వాడొక్కడేనన్న సంగతి తెలియంది ఆయనకే.

ముఖాన అడిగే ధైర్యం లేదు. మర్నాడు పొద్దున్నే ఫోనులో మెసేజి పెట్టారు, కత్తి తుడవడానికి గాని తీశావా బాబూ అని. జవాబు మధ్యాహ్నానికెప్పుడో వచ్చింది: "లేదంకుల్. ఏమైంది?"

"లేదనడానికి ఇంతసేపెందుకు పట్టింది?" అన్నారు మా ఆయన.

"మీటింగులో ఉన్నాడేమో."

"సరే, ఏమైందని ఎందుకడగాలి? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?"

అనుమానం అంటుజాడ్యం లాంటిది. నవమినాడు వాడు వంటింట్లో చేతులు చాలాసేపు సబ్బుతో కడుక్కున్నాడని నాకూ గుర్తుకొచ్చింది. పులిహోర తిన్నవాడు చేతులు కడుక్కోక ఏం చేస్తాడని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ గుర్తుకైతే వచ్చింది. ఆయన మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం అందుకే వచ్చింది.

ఆ ఆదివారం నన్ను రైలెక్కించి వుడ్‌ల్యాండ్స్ తీసుకెళ్లారు. నీ మిషను చూసి నేర్చుకోవాల్సినవి ఉన్నాయని మహీధర్‌కు ముందే చెప్పారు. పాపం, వాడు సంబరంగా గుమ్మందాకా ఎదురొచ్చాడు. వాడి భార్య అరుంధతి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. మా ఆయన మిషను చుట్టూ తిరిగి, దగ్గి, "కత్తి ఒకసారి బయటికి తీసి చూపిస్తావా?" అన్నారు. అని జేబులోంచి భూతద్దం తీశారు.

మహీధర్ ఆ భూతద్దం వైపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. నేను తలదించుకున్నాను. వాడికి అర్థమైపోయింది.

స్పానరు తెచ్చి, మరలు విప్పి, కత్తి బయటికి తీసి, గుడ్డతో తుడిచి, భోజనాల బల్లమీద పేపరు పరిచి దానిమీద పెట్టాడు.

"చూడండ్రి అంకుల్" అన్నాడు.

మా ఆయన చూశారు. తిప్పి చూశారు. లోపలివైపు కొట్టిన ముద్ర భూతద్దం పెట్టి మరీ చదివారు. అరుంధతి ట్రే పట్టుకుని నిలబడిపోయింది. అది మా కత్తి కాదు.

"బాగుంది కత్తి" అన్నారు ఆయన.

"మీ దానంత మంచిది గాదు" అన్నాడు మహీధర్.

చాయ్ నేనొక్కదాన్నే తాగాను. నాలుక కాలింది. తిరుగు రైల్లో "తృప్తయిందా?" అన్నాను.

"మనం వస్తున్నామని చెప్పాక, కొట్టేసిన కత్తిని మిషనుకే బిగించి ఉంచుతాడా ఎవడైనా?" అన్నారు.

నేను లేచి వెళ్లి అవతలి సీట్లో కూర్చున్నాను. టోవా పాయో వచ్చేదాకా ఆ మొహం చూడలేదు.

అసలు సంగతి ఆ వారంలోనే బయటపడింది. అప్పటిదాకా ఆయన నల్లతోలు మీదా ముదురు గోధుమరంగు తోలు మీదా పరీక్షలు చేస్తూ వచ్చారు. నందిత సంచికి పట్టీలు కావాలని రంగు వెయ్యని తెల్లటి తోలు తెచ్చింది. ఆయన రెండు ముక్కలు పెట్టి చూసి, అదే అలలు రావడంతో విసుక్కుని లేచి వెళ్లిపోయారు. ఆ గది ఊడవడం ఎప్పుడూ నా వంతే. చీపురుకు తగిలిన తోలు చెక్కును ఎత్తి చూస్తే దానిమీద ఎర్రటి మరక. ఆయన వేలు తెగిందేమోననుకున్నాను. కాస్త దూరంలో మళ్లీ మరక. నాలుగు వేళ్లకు అవతల మళ్లీ. తెగిన వేలు ఇంత పద్ధతిగా కారుతుందా? వాసన చూశాను. గంధం.

"ఏవండీ," అని పిలిచాను. "ఇటు రండి. ఇది కుంకుమ కాదూ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. వాసన చూశారు. గబగబా మిషను ముందున్న మూత తీసి, కత్తి ఊడదీసి, టార్చి వేశారు. లోపలి రాతి చక్రానికి ఒకవైపు గరుకు లేదు. గంధం, కుంకుమ ఎండి గట్టిపడి, దానిమీద తోలుపొడి పేరుకుని, అక్కడ రాయి నున్నగా అయిపోయింది. చక్రం తిరిగి తిరిగి ఆ వైపు వచ్చినప్పుడల్లా తోలు మీద పట్టు జారుతుంది. జారినచోట అంచు మందంగా ఉండిపోతుంది. బయటి బొట్లన్నీ తుడిచారు గానీ, కత్తి కడుపులోకి ఉంగరపు వేలు దూర్చి పెట్టిన బొట్టు సంగతి ఆయనే మరిచిపోయారు. ఒక్క భాగాన్నీ వదలని పూజ కదా!

ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు," అన్నాను. "మహీధర్ ఇల్లు సోదా చేశారు. వాడి పెళ్లాం ముందు చేశారు."

ఆయన పాత టూత్‌బ్రష్షు, గోరువెచ్చటి నీళ్లు తెచ్చుకుని ఆ చక్రాన్ని తోమారు. ఆరనిచ్చి, కత్తి బిగించి, తోలు పెట్టారు. అంచు ఒక్క అల లేకుండా సాఫుగా వచ్చింది. మిషను బాగైనప్పుడల్లా నన్ను కేకేసి చూపించే మనిషి, ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. కోపంగా ఉన్నా నాకు జాలేసింది.

"వాడికి ఫోను చెయ్యండి" అన్నాను.

"ఏమని చెప్పను?"

"తప్పు నాదని."

పొడుగాటి మెసేజి ఒకటి రాశారు, చెరిపేశారు. మళ్లీ రాశారు, చెరిపేశారు. నేనే ఫోను లాక్కుని, నంబరు కలిపి చెవికి పెట్టాను. "మహీ, ఆదివారం భోజనానికి రా బాబూ" అన్నారు. అంతే వచ్చింది నోటికి. అవతలినుంచి మహీధర్ "వస్తనంకుల్" అన్నాడు. నాకు ఊపిరొచ్చింది.

ఆదివారం వాడికిష్టమని గుత్తివంకాయ చేశాను. అరుంధతి రాలేదు, తలనొప్పట. నేను అడగలేదు, వాడూ సాగదీయలేదు. భోజనాలు కాకముందే మా ఆయన చెప్పేశారు. మెచ్చుకోవద్దూ? చేతులు రెండూ బల్లమీద పెట్టి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు.

"తప్పు నాది బాబూ. నిన్ను అనుమానించాను. ఆ రోజు మీ ఇంటికొచ్చింది నేర్చుకోవడానికి కాదు, వెతకడానికి. చక్రానికి గంధం బొట్టు పెట్టింది నేనే. తుడవడం మరిచింది నేనే."

"నాకు తెల్సు అంకుల్."

"గంధం సంగతా?"

"గంధం గాదు. వెతుకుడు."

"తెలిసి కూడా ఎందుకు విప్పి చూపించావు?"

"చూపియ్యకపోతే మీకు నిద్ర వట్టదు గద" అని నవ్వాడు మహీధర్. "రాతి చక్రానికి బొట్టు పెడ్తరా ఎవలన్న! రేపు కారుకు పెట్టాలంటే ఇంజను విప్పుతరా?"

నందిత పడీ పడీ నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు. తిన్నాక ఇద్దరూ వెనక గదిలోకి వెళ్లి మిషను వేశారు. ఆ చప్పుడు వింటూ గిన్నెలు తోముకుంటుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పోయిందనుకున్నది తిరిగొచ్చింది, ఇంకేం కావాలనుకున్నాను. వంకాయ కూర డబ్బాలో పెట్టి, అరుంధతికిమ్మని వాడి చేతికిచ్చాను.

వాడు బయల్దేరాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు. భుజాన ఉన్న బ్యాగు దించి, జిప్పు లాగి, రెండు చేతులతో నోరు వెడల్పు చేసి మా ఆయన ముందు పట్టుకున్నాడు. ముఖంలో కోపం లేదు, వెటకారం లేదు. పెద్ద పెద్ద ఆఫీసుల్లో గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లకు ఎలా చూపిస్తామో అలా.

"ఒక్కసారి చూస్కోండ్రి అంకుల్. నేను వొయినంక మళ్ల డౌటు రావద్దు."

"ఛఛ, ఇదేవిటి బాబూ! ముయ్యి, ముయ్యి" అన్నారు మా ఆయన.

నోరు అలా అంటూనే ఉంది. కళ్లు మాత్రం బ్యాగులోకి వెళ్లిపోయాయి. నేను చూశాను. నందిత చూసింది. ఆ కళ్లు కూర డబ్బా మీదనుంచి గొడుగు మీదికి, గొడుగు మీదనుంచి స్పానర్ల మీదికి, అక్కడినుంచి అడుగుకి, అడుగునుంచి పక్క అరలోకి వెళ్లాయి. ఆయన వెళ్లమని చెప్పి ఉండరు, అది నాకు తెలుసు. ఆపమని కూడా చెప్పలేకపోయారు.

మహీధర్ ఆ కళ్ల తనిఖీ పూర్తయ్యేదాకా ఓపిగ్గా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత జిప్పు మూసుకుని, "పోయొస్త ఆంటీ" అని నాకొక్కదానికే చెప్పి, లిఫ్టు వైపు నడిచాడు.